చిన్నమ్మమ్మ రెండో గొంతు

మెంతికూర వలుస్తూ నేను పాడుకుంటానని నాకే తెలియదు. ఆ సంగతి నాకు చెప్పింది అమెరికాలో ఎక్కడో కొండల మధ్య ఉండే ఎనభై ఏడేళ్ల ముసలావిడ. ఆవిడను నేను ఇంతవరకు చూడలేదు. నాకు తెలిసింది ఆవిడ గొంతు ఒక్కటే.

దోహాకు ఉత్తరాన, ఉమ్ సలాల్‌లో, ఒక అమెరికా ఆవిడ ఇంట్లో నేను వంట చేస్తాను. ఆరేళ్లు నిండాయి. మేడం ఇక్కడి కాలేజీలో సంగీతం చెబుతుంది. ఆవిడ ప్రాణం మాత్రం వేరే పనిలో ఉంది. వాళ్ల కొండల్లో ముసలివాళ్లు పాడుకునే కథల పాటలున్నాయి. ఒకే పాటను ఇద్దరు ముగ్గురు వేరువేరు వరుసల్లో కలిపి పాడే పద్ధతి ఒకటుంది. అవి మరుగున పడిపోకుండా వెతికి పట్టుకోవడం, రాసిపెట్టడం, మళ్లీ పదిమంది నోట పాడించడం ఆవిడ పని. వాటి మీద లావుపాటి పుస్తకం కూడా రాసింది. ఆవిడ పుస్తకాల అల్మారా దుమ్ము దులిపేది నేనే కాబట్టి దాని బరువు నాకు బాగా తెలుసు.

శుక్రవారం పొద్దున ఆవిడ హాల్లో పాట ఉంటుంది. నర్సులు, టీచర్లు, ఇద్దరు ఇంజనీర్లు వస్తారు. కుర్చీలు నాలుగు వైపులా నాలుగు వరుసలుగా వేస్తారు. అందరి ముఖాలూ లోపలికే. మధ్యలో ఖాళీ. మొదటిసారి టీ పట్టుకుని వెళ్లినప్పుడు ఎక్కడ నిలబడాలో నాకు అర్థం కాలేదు. ఎటు పోయినా ఎవరో ఒకరి వీపే కనపడుతోంది. సరే అని ట్రే పట్టుకుని మధ్యలోకే నడిచాను. అప్పుడే వాళ్లు పాట మొదలుపెట్టారు. నాలుగు వైపుల నుంచి నాలుగు పాట వరుసలు వచ్చి నా నెత్తి మీద ఒకటయ్యాయి. కప్పులు గలగలమన్నాయి.

మొదట నేను వాళ్లకు వరుస కలవడం లేదేమో అనుకున్నాను. పాపం, ఎవరికి వచ్చింది వాళ్లు పాడుతున్నారనుకున్నాను. రెండు మూడు వారాలు విన్నాక, అది తప్పు కాదు, అదే పద్ధతి అని తెలిసింది. ఒక రోజు మేడంను అడిగాను, మరి వినేవాళ్లు ఎక్కడ కూర్చుంటారని. వినేవాళ్లంటూ ఎవరూ ఉండరని, ఇది పాడేవాళ్లు పాడేవాళ్ల కోసం పాడుకునే పాట అని ఆవిడ చెప్పింది.

ఆ మాట నాకు చప్పున అర్థమైంది. మా అరుగు మీద కూడా వినేవాళ్లు లేరు.

మాది జగిత్యాల వైపు ఒక ఊరు. మా వాడలో ఆడవాళ్లందరూ బీడీలు చేసేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు, చేతిలో కత్తెర. పొద్దంతా అదే పని. పాట లేకపోతే నడుము నిలబడదు. మా అమ్మ పాట ఎత్తుకునేది. ఒక పాదం పాడి ఆగేది. ఆగగానే మిగతా పదిమంది అదే పాదాన్ని అందుకునేవారు. వాళ్లు పాడుతున్నంతసేపట్లో అమ్మ ఆకు చుట్టి, దారం కట్టి, తరువాతి పాదం తలుచుకునేది. మళ్లీ ఎత్తుకునేది. తంబాకు ఘాటుకు అమ్మ గొంతు పోయాక నేను ఎత్తుకోవడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు పదిహేనేళ్లు. పెళ్లయి వేరే ఊరు పోయినా అక్కడా బీడీలే, అక్కడా పాట నాదే. ఒక పాదం పాడు, ఆగు, దారం కట్టు. ఇరవై ఏళ్లు అలా గడిచాయి.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు అమ్మే నేర్పింది. కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్క మీద కత్తెర మొనతో ఒక్కో అక్షరం గీసి ఇచ్చేది. తప్పు గీస్తే ఆకు చిరిగిపోయేది. అందుకని మెల్లగా, జాగ్రత్తగా గీయడం అలవాటైంది. చదవడం వచ్చాక నేను పూర్తిగా చదివిన మొదటి పుస్తకం భజన కీర్తనలది. చాలా ఏళ్ల వరకు చివరిది కూడా అదే.

ఇక్కడ నా గదిలో, బట్టల అల్మారా పై అరలో, రాజన్న దేవుడి పటం ఉంది. పొద్దున లేచి స్నానం చేసి తలుపు తెరిచి దండం పెట్టుకుంటాను. నిన్న ఏమేం బాగా జరిగాయో చెప్పుకుంటాను. అడగడం తక్కువ. అడిగే పని ఆయన నాకు ఎక్కువగా పెట్టలేదు. తలుపు మూసి వంటింట్లోకి పోతాను.

మేడం కూడా పొద్దున్నే లేస్తుంది. కాఫీ తాగుతూ ఒక పాత రికార్డింగు పెట్టుకుంటుంది. అది వాళ్ల అమ్మమ్మ గొంతు. ఎప్పుడో ఒక విద్యార్థి ఇంటికి వచ్చి, ఆమె గిన్నెలు కడుగుతుండగా రికార్డు చేసుకున్నాడట. పాట వెనకాల నీళ్ల చప్పుడు, గిన్నె గిన్నెకు తగిలే చప్పుడు వినపడతాయి. సన్నటి గొంతు, కొంచెం ముక్కుతో పాడినట్టు ఉంటుంది. మాటలు నాకు తెలిసేవి కావు. కథ మేడం చెప్పింది. అక్కను కొండ అవతలికి ఇచ్చి పెళ్లి చేస్తారు. అక్కడ ఉప్పు దొరకదు. చెల్లె మూటలో ఉప్పు కట్టుకుని కొండ ఎక్కుతుంది. సగం దారిలో మంచు మొదలవుతుంది. ఏడు చరణాల పాట. ఆ పిల్ల చేరిందా లేదా అని అడిగితే, పాట చెప్పదు అంది మేడం. ఇదెక్కడి పాట అనుకున్నాను. కానీ ఆరేళ్లు రోజూ అదే వింటే ఎవరికైనా ఎక్కుతుంది.

ఆ రికార్డింగులో ఉన్నది సగం పాటే అని నాకు చాలా కాలం తెలియదు. మేడం అమ్మమ్మకు ఒక చెల్లెలు ఉంది. మన లెక్కన మేడంకు చిన్నమ్మమ్మ. ఆ అక్కాచెల్లెళ్లు చిన్నప్పటి నుంచి ఏ పాటైనా జంటగానే పాడారు. అక్కది పైవరుస. చెల్లెది కింద నడిచే రెండో గొంతు. పైవరుస పక్కనే నడుస్తుంది, ఒక చోట దగ్గరవుతుంది, ఒక చోట దూరం జరుగుతుంది, చివర ఒకటవుతుంది. ఆ విద్యార్థి వచ్చిన రోజు చెల్లె తన కూతురి కాన్పుకని వేరే ఊళ్లో ఉందట. అందుకే ఒక్క గొంతే రికార్డయింది. అక్క చనిపోయి పదకొండేళ్లు. ఆ రోజు నుంచి చెల్లె పాడడం మానేసింది.

మేడం సెలవులకు పోయినప్పుడల్లా పక్కన కూర్చుని అడిగేది. చిన్నమ్మమ్మ ప్రయత్నించేది. నోరు తెరిస్తే అక్క వరుసే వచ్చేది. తనది రాదు. "దాన్ని నేను విడిగ నేర్సుకోలే బిడ్డా. అక్క పాడుతుంటె ఆమె గొంతుకు ఆనుకొని పాడిన. గోడ లేంది దేనికి ఆనుకోవాలె?" అందట. ఆవిడ మాటలను మేడం, మా ఇద్దరి మధ్య నడిచే వచ్చీరాని హిందీలో, నాకు విడమరిచి చెప్పేది. నాకు మాత్రం అవి మా వాడ ముసలమ్మల మాటల్లాగే వినపడేవి, అందుకని అలాగే రాస్తున్నాను. ఒకసారి అక్క రికార్డింగే పెట్టి పాడమన్నారట. రెండు పాదాలు విని ఆపించేసింది. మిషన్‌లో అక్క తన వైపు చూడదు అందట. ఇంకెప్పుడూ పెట్టొద్దని ఒట్టు వేయించుకుంది.

మేడం ఫోన్లో కూడా ప్రయత్నించింది. తాను పైవరుస పాడితే అక్కడ ఆవిడ అందుకోవాలి. కానీ ఇక్కడి గొంతు అక్కడికి చేరేసరికి ఒక గుటక వేసేంత ఆలస్యం. అక్కడ అందుకున్నది ఇక్కడికి వచ్చేసరికి ఇంకో గుటక. వెనకబడిన గొంతు వినపడగానే మేడం ఆగేది. మేడం ఆగిందని ఆవిడ ఆగేది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఆగి ఆగి, చివరికి పాటే నిలబడిపోయేది.

నిరుడు చిన్నమ్మమ్మ పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి మరిచిపోయిందని కబురు వచ్చింది. నెల తిరగకముందే మళ్లీ మరిచిపోయింది. ఆ సాయంత్రం మేడం అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినలేదు. ఏమైందని అడిగితే, ఆ రెండో గొంతు ఈ భూమ్మీద ఒక్క మనిషి దగ్గరే ఉందని, అది ఆ మనిషితోనే వెళ్లిపోతుందని చెప్పింది. నేను పెరుగు వడ్డించి పక్కన నిలబడ్డాను. మరునాడు పొద్దున అల్మారా ముందు మాత్రం చాలా రోజుల తరువాత ఒకటి అడిగాను.

అది జరిగిన రెండు వారాలకు, శుక్రవారం మధ్యాహ్నం, మేడం ఫోన్‌ను వంటింటి గట్టు మీద పెట్టి స్పీకర్లో చిన్నమ్మమ్మతో మాట్లాడుతోంది. అక్కడ అప్పుడే తెల్లవారి ఆవిడ కాఫీ తాగే వేళ. నేను బల్ల దగ్గర మెంతికూర వలుస్తున్నాను. ఉన్నట్టుండి చిన్నమ్మమ్మ మాట ఆపేసింది. వంటింట్లో ఎవరున్నారని అడిగింది. వంటావిడ అని చెప్పింది మేడం. ఆ వంటామె పాడుతోంది చూడు, అంది ఆవిడ. మేడం నా వైపు తిరిగింది. నేను నోరు మూసుకున్నాను. అప్పుడే తెలిసింది అంతసేపూ అది తెరిచి ఉందని.

"ఆపకుమను," అంది ఫోన్లో గొంతు. "ఆమె పాడేది మా అక్క పాట. నువ్వు పాడేది పుస్తకంల పాట."

మేడం ముఖం ఎర్రబడింది. అంత చదువుకున్న మనిషికి ఎవరైనా అలా అంటే రోషం వస్తుంది కదా. కానీ ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, ఆ రికార్డింగు పెట్టి, మంచు పడే చరణంలో మూడో పాదం దగ్గర ఆపి ఆపి విన్నది. మంచు అనే మాట దగ్గర వాళ్ల అమ్మమ్మ గొంతు కొంచెం కిందికి జారి, అటూ ఇటూ కాని చోట ఆగుతుంది. మేడం దాన్ని తిన్నగా నిలబెట్టి పాడుతోంది, పియానో మీద ఉన్నట్టు. నేను మేడంను విని నేర్చుకోలేదు, రికార్డింగును విని నేర్చుకున్నాను. పైగా మా బీడీల పాటల్లో గొంతు అలాగే జారుతుంది. అందులో నా గొప్ప ఏమీ లేదు. మేడం పెద్దగా నవ్వింది. పదేళ్లుగా తాను పాటను సరిదిద్దడం లేదని, పాడు చేస్తున్నానని అంది. అలా అనగలగడం నాకు ఆవిడలో నచ్చే గుణం.

తరువాత ఆవిడ అడగబోయేది నాకు ముందే తెలిసిపోయింది. ఫోన్లో చిన్నమ్మమ్మ అందుకునేలా పైవరుస నన్ను పాడమంది. నేను వద్దన్నాను. ఇంగ్లీషు రాదన్నాను. ఒంటరిగా ఎప్పుడూ పాడలేదన్నాను. కూర మాడుతుందన్నాను. ఆవిడ అన్నీ విని స్టవ్ కట్టేసింది. "అక్కా," అంది. మేడం కారు డ్రైవర్ నన్ను అలా పిలవడం చూసి ఆవిడ కూడా అలాగే పిలుస్తుంది. ఆ పిలుపు దగ్గర నేను ఓడిపోయాను.

ఏడు చరణాలు, చరణానికి నాలుగు పాదాలు. మేడం ఒక్కో మాట మెల్లగా పలికితే నేను పాత క్యాలెండరు వెనక తెలుగులో రాసుకున్నాను. ఆకు చిరగకుండా గీసే అలవాటు కదా, అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. దాన్ని ఫ్రిజ్‌కు అంటించాను. డ్రైవర్ హైదరాబాద్ మనిషి, వయసులో నాకన్నా చిన్నవాడు. మంచినీళ్ల కోసం వచ్చి దాని ముందు నిలబడ్డాడు. కూడబలుక్కుని రెండు పాదాలు చదివాడు.

"క్యా హై అక్కా ఇది? మంత్రమా, మసాలా లిస్టా?"

"పాట."

"పాటనా? ఇది రాగంగా పాడితే జిన్నులు గూడ దిగివస్తయ్. ఇన్షాల్లా నేను ఆ రోజు సెలవు పెడ్త."

మా ఆయన రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టుల మీద పని చేస్తాడు. క్యాంపు నుంచి ఫోన్ చేస్తే ఆయనకూ పాడి వినిపించాను. అంతా విని, బీడీల పాటలకెల్లి దొరసాని పాటలకు పోయినవ్, ఇగ మాకు ఫోన్ల దొరుకుతవా అన్నాడు. ఊళ్లో మా వదినకు కూడా చెప్పినట్టున్నాడు. ఆవిడ ఫోన్ చేసి, దుబాయ్‌ల కచేరీ చేస్తున్నవట గద అని అడిగింది. ఇది దుబాయ్ కాదని ఆరేళ్లుగా చెబుతున్నాను. కచేరీ కాదని ఇప్పుడు కొత్తగా చెప్పాల్సి వచ్చింది.

శుక్రవారం వచ్చింది. పొద్దుటి పాటవాళ్లు వెళ్లిపోయారు. డ్రైవర్ జుమ్మా నమాజు నుంచి వచ్చి, సెలవు పెట్టకపోగా, వంటింటి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి కూర్చున్నాడు. మేడం ఏర్పాటు చేసింది. ఫోన్లోంచి వచ్చేదంతా ఆవిడ చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లోకే వస్తుంది, నాకు వినపడదు. రికార్డర్ పక్కనే. నాకు చెప్పిందల్లా ఒక్కటే, ఆగొద్దని. చిన్నమ్మమ్మ అందుకున్నా, అందుకోకపోయినా, ఒక్క చోట కూడా ఆగకుండా నాలుగు పాదాలూ పాడుతూ పోవాలి. ఎవరూ ఎవరి కోసం ఆగకపోతేనే ఆ ఆలస్యాన్ని దాటగలమని ఆవిడ లెక్క. నాలుగుసార్లు చెప్పింది. నేను నాలుగుసార్లు తల ఊపాను.

చేతులు ఖాళీగా ఉంటే నాకు పాట రాదు. చాటలాంటి ఒక పళ్లెం ఒళ్లో పెట్టుకుని, అందులో మెంతికూర కట్ట పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకుని రాజన్నను తలుచుకుని మొదటి పాదం ఎత్తుకున్నాను. పాదం అయిపోయింది.

నేను ఆగిపోయాను.

ఆగాలని అనుకోలేదు. ఇరవై ఏళ్లు ఒక పాదం పాడి ఆగిన మనిషిని. చేతుల్లో ఆకు ఉంది. నోరు ఆగిపోయి, చేతులు ఆకు తుంచడం మొదలుపెట్టాయి. పదిమంది అందుకుంటారని నా ఒళ్లంతా ఎదురుచూస్తోంది. కళ్లు తెరిచేసరికి మేడం చెయ్యి గాలిలో గిరగిరా తిప్పుతోంది, పాడు పాడు అని. అయ్యో, నాలుగుసార్లు చెప్పింది కదా అనుకున్నాను. నోరు తెరిచాను.

అప్పుడు మేడం చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. తిరగడం మానేసి, అరచెయ్యి నా వైపు పెట్టింది. ఆగు అని. నాకు ఏమీ వినపడటం లేదు. ఆవిడ ముఖం మాత్రం చూస్తున్నాను. మనిషి ఊపిరి తీసుకోవడం లేదు. ఒక పాదం పాడేంతసేపు అలాగే ఉండి, తరువాత ఆ చేతినే మెల్లగా కిందికి దించి, వేలితో నా వైపు చూపించింది. ఇప్పుడు రెండోది.

రెండో పాదం పాడాను. ఆగాను. ఆకు తుంచాను. మేడం చెయ్యి మళ్లీ ఆగమంది, మళ్లీ చూపించింది. మూడోది. నాలుగోది. రెండో చరణానికి ఆవిడ చెయ్యి చూడటం మానేశాను. అవతల ఒకరు అందుకుంటున్నారని తెలిసిపోయింది. ఎంతసేపు ఆగాలో నా చేతులకు తెలుసు. ఏడు చరణాలు అయ్యేసరికి పళ్లెంలో ఆకంతా అయిపోయి కాడలు మిగిలాయి. గుమ్మం దగ్గర డ్రైవర్ ఒక్క జోక్ వేయలేదు.

మేడం లేచి వచ్చి, తన చెవుల మీద ఉన్నదాన్ని తీసి నా చెవుల మీద పెట్టింది. రికార్డు చేసినదాన్ని మొదటి నుంచి పెట్టింది. ముందు నా గొంతు, నాకే ఎవరిదోలా ఉంది. పాదం అయిపోయాక కాసేపు ఏమీ లేదు. కుర్చీ కిర్రుమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. తరువాత అదే పాదం, అవే మాటలు, కానీ వేరే వరుస. లోతుగా, గరుకుగా, నా వరుసకు ఒక మెట్టు కింద నుంచి బయలుదేరి, చరణాలు దాటి మంచు దగ్గరకు వచ్చేసరికి నేను జారిన చోట తాను జారకుండా నిలబడింది. అక్క జారితే పట్టుకోవడానికి నిలబడినట్టు. నాకు ఇంగ్లీషు రాదు, సంగీతం రాదు. అది ఏమిటో మాత్రం ఎవరూ చెప్పనక్కర లేకుండా తెలిసింది.

జీవితంలో ఎప్పుడూ విడిగా పాడని వరుసను ఆవిడ విడిగా పాడింది. ఎలా వచ్చిందని మేడం అడిగితే చిన్నమ్మమ్మకు కోపం వచ్చిందట. అదేం అడగడం అన్నట్టు చెప్పిందట: "ఆమె జాగ ఇచ్చింది. అక్క గొంతు ఇంక నా చెవులనే ఉండె. ఎవలన్న జాగ ఇస్తె కూసుంటం గని, నిలబడతమా?"

నాకు ఏడుపు రాలేదు. చాలా తేలికగా అనిపించింది. మెంతికూర పప్పు చేశాను. మేడం ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుంది. మరునాడు అల్మారా ముందు నిలబడి, తప్పు చేయించినందుకు దండం పెట్టుకున్నాను. ఎప్పుడూ చెప్పని రకం కృతజ్ఞత అది, కొంచెం నవ్వొచ్చింది.

దొరికిన వరుసను మేడం నేర్చుకోవాలి. అది అనుకున్నంత తేలిక కాలేదు. విడిగా పాడితే చక్కగా పాడుతుంది. నా పక్కన నిలబడితే మూడో పాదానికల్లా నా వరుసలోకి జారిపోతుంది. ఒక్కోసారి నేను ఆవిడ దాంట్లోకి పోతాను. నేను చపాతీ పిండి కలుపుతూ పాడాలి, ఆవిడ గట్టుకు ఆనుకుని పాడాలి. జారిపోయినవాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలని ఆవిడే పందెం పెట్టింది. ఆ రెండు నెలలు నేను చాలా తక్కువ గిన్నెలు కడిగాను. పుస్తకం రాసిన మనిషి సింక్ దగ్గర, వాళ్ల అమ్మమ్మ లాగే, నీళ్ల చప్పుడులో పాడుకుంటూ నేర్చుకుంది. ఇప్పుడు నేను మధ్యలో ఆగడం కూడా మానుకున్నాను. అది నాకు కష్టమైంది. జాగ ఇవ్వకుండా పాడటం మర్యాద తక్కువ పనిలా ఉండేది. పక్కన నడిచే గొంతుకు ఆగనక్కర లేదని, అది నాలోనే జాగ చూసుకుంటుందని మెల్లగా తెలిసింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, గాలి చల్లగా ఉందని వంటింటి తలుపు తెరిచే పెట్టాము. మేడం చిన్నమ్మమ్మకు ఫోన్ కలిపి, ఈసారి నువ్వు పాడొద్దు, కాఫీ తాగుతూ కూర్చో అని చెప్పింది. పాడేవాళ్లం ఇద్దరమూ ఇక్కడే ఉన్నాము కాబట్టి ఆలస్యం బాధ లేదు. ఫోన్‌ను మధ్యలో పెట్టి, దానికి అటు ఆవిడ, ఇటు నేను ఎదురెదురుగా నిలబడ్డాము. నేను ఎత్తుకున్నాను. రెండో మాటకు ఆవిడ కింద నుంచి వచ్చి కలిసింది.

ఏడు చరణాలూ ఒక్క చోట ఆగకుండా పాడాము. చెల్లె ఉప్పు మూటతో కొండ ఎక్కింది, మంచు పడింది, పాట ఆ పిల్ల చేరిందో లేదో చెప్పకుండానే అయిపోయింది.

ఫోన్లో చప్పుడు లేదు. మేడం భయపడి పిలిచింది. ఉన్నా, ఉన్నా, అంది చిన్నమ్మమ్మ. తరువాత మెల్లగా మాట్లాడింది. మేడం వింటూ నాకు చెప్పబోయి రెండుసార్లు ఆగింది. మూడోసారి చెప్పింది.

"డెబ్బై ఏండ్లు పాడిన గని, ఈ పాట వినుడు నాకు ఇదే మొదలు. ఎప్పుడు లోపల్నే ఉంటి. బయటికెల్లి ఎట్లుంటదో ఇయ్యాల తెలిసింది."

మేం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. బయట డ్రైవర్ కారు కడుగుతున్న నీళ్ల చప్పుడు వస్తోంది. రికార్డింగులో ఉన్న చప్పుడులాగే ఉంది.

చిన్నమ్మమ్మ ముక్కు తుడుచుకున్నట్టుంది. గొంతు మామూలైంది. మంచు కాడ వంటామె ఉరుకుతోంది, పొయ్యి మీద ఏమన్న పెట్టి వచ్చిందా అని అడిగింది. నిజంగానే పెట్టి వచ్చాను. మేడం పోయి స్టవ్ కట్టేసింది. ఇంకోసారి పాడమంది ఆవిడ, కాఫీ ఇంకా సగం ఉందట.

మళ్లీ ఎత్తుకున్నాను. ఈసారి మంచు దగ్గర ఉరకలేదు.